వ్రాతలకు ఇల్లు మార్చుట



కాపురమును ఒక యింటినుండి మరియొక యింటికి మార్చుట యెంత పనియో మీ యనుభవమున నున్నదే. బండ్లు కట్టి సామాను చేరవేయుట ఒక దినపు పని. ఏ మూటలో నేమున్నదో, ఏ తాళపుచెవి యే పెట్టెదో, దేవునిగూటిలో నుంచిన దస్తావేజు లెక్కడ చేరినవో తేల్చుకొనుట నెలల పని. ఒక్క పాత్రయు పగులకుండ వచ్చినను, ఇంటి యమరిక మాత్రము దారిలో జారిపోవుచుండును. నేటి నా ప్రసంగము ఇట్టి మార్పును గురించినదే. అయితే ఇచట ఇల్లు మారువారు మనుష్యులు కారు. మారునవి వారి వ్రాతలు.

పూర్వము మన గృహములలో జమాఖర్చు పుస్తకములుండెడివి. పంచాంగపు అంచులలోను, దూలమునకు వ్రేలాడు తీగకు గ్రుచ్చిన చీట్లలోను ఇంటి చరిత్ర యంతయు నుండెడిది. ఇప్పుడు అనేక కుటుంబములలో నది చేతిఫోనులోనికి చేరినది. కుమారుడో మనుమరాలో పొలముల సర్వే నంబరులు, పాసుపుస్తకపు ఛాయాచిత్రములు, వైద్యుడు వ్రాసియిచ్చిన చీట్లు, బోరు వేసినప్పుడు నీరుపడిన లోతు, వంశవృక్షము, పితృతిథులు, చేబదుళ్ల లెక్కలు అన్నియు ఫోనులోని యొక యాపులో వ్రాసియుంచుచున్నారు. యాపు అనగా ఫోనులోగాని కంప్యూటరులోగాని యొక్కొక్క పనికై యమర్చుకొను సాధనము. వ్రాతలను దాచి, అడిగినప్పుడు వెదకి చూపునట్టివానికి నోట్సు యాపులని పేరు. పది సంవత్సరములు వాడినచో నిందులో వేలకొలది వ్రాతలు చేరుట వింతగాదు.

ఇంత సొమ్ము ఒక చోట కూడినపిమ్మట, ఆ చోటు విడువవలసిన దినమును వచ్చును. ఏలయందురా? ఆ యాపు మనది కాదు. మన మందులో అద్దెకుండు వారము. యజమాని మారవచ్చును, అద్దె పెరుగవచ్చును, ఇల్లే మూతపడవచ్చును.

దీనికి ఎవర్‌నోట్ అను యాపు మంచి నిదర్శనము. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన యొక సంస్థ దీనిని 2008లో జనుల ముందుంచినది. దాని ముద్ర ఏనుగు తల. ఏనుగు దేనిని మరువదని పాశ్చాత్యుల నానుడి. 2015 వరకు ఆ సంస్థ కధిపతిగా నుండిన ఫిల్ లిబిన్, తాము నూరేండ్లు నిలుచు సంస్థను కట్టుచున్నామని చెప్పుచుండెడివాడు. ప్రపంచమున లక్షలకొలది జనులు నమ్మి తమ వ్రాతల నందు చేర్చిరి. 2022 నవంబరులో ఇటలీదేశపు మిలాన్ నగరమునకు చెందిన బెండింగ్ స్పూన్స్ అను సంస్థ దానిని కొనుచున్నట్లు ప్రకటన వెలువడినది. 2023 డిసెంబరులో, రుసుము చెల్లింపనివారు మొత్తము 50 వ్రాతలను, ఒక్క పుస్తకమును మాత్రమే కలిగియుండవచ్చునని నియమము చేసిరి. పూర్వము వ్రాసికొన్నవానిని చదువుటకును, దిద్దుటకును, బయటికి తీసికొనుటకును ఆటంకము కల్పింపలేదు. కాని వేయి వ్రాతలున్నవాడు వేయిన్నొకటవది వ్రాయవలెనన్న రుసుము చెల్లింపవలసినదే. ఇందు మోసమేమియు లేదు. ఇంటివాడు తన నియమమును తాను మార్చుకొనెను. అప్పుడు పలువురు వేరొక యింటికై వెదకుకొనిరి.

ఇంతకన్న కఠినమైన సంగతియు జరిగినది. స్ప్రింగ్‌ప్యాడ్ అను మరియొక నోట్సు యాపు, కొలది వారముల గడువిచ్చి, 2014 జూన్ 25వ తేదీన పూర్తిగా మూతపడినది. కావున ఇల్లు మార్చు విద్య నెరిగియుండుట, ఇల్లు మారవలెనని కోరువారికే గాక ఎల్లవారికిని అవసరము.

ఇక, ఒక వ్రాత యనగా నేమేమి కలిసియున్నవో ముందుగా విచారింతము. మన తాళపత్ర గ్రంథములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆకుపై అక్షరములున్నవి. ప్రతి యాకునకు అంకె వేసియుందురు. ఆకులకు రంధ్రము చేసి, త్రాడు గ్రుచ్చి, పైన క్రింద పలకలుంచి కట్టుదురు. అక్షరములు చెడకున్నను, అంకెలు చెరిగి త్రాడు తెగినచో నది గ్రంథము గాదు, ఆకుల కుప్ప. ఫోనులోని వ్రాతయు నంతియే. అందలి మాటలు, దానికి జతచేసిన చిత్రములు ఆకువంటివి. అది వ్రాయబడిన తేదీ ఆకుపై నంకె వంటిది. అది యే పుస్తకములోనిదో, దాని కే పేరుతో ట్యాగు కట్టిరో, ఏ యితర వ్రాతతో లంకె వేసిరో, ఇవన్నియు త్రాటివంటివి. ఒక యాపునుండి మరియొక యాపునకు మార్చునప్పుడు ఆకులు సాధారణముగా భద్రముగనే వచ్చును. చెడునవి అంకెలు, త్రాడు. ఆకులు వచ్చినవని సంతోషించి పాత యిల్లు ఖాళీ చేసినవాడు, ఆరునెలల పిమ్మట అవసరము కలిగి వెదకుకొన్నప్పుడుగాని తన నష్ట మెరుగడు.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు మొదలగు గ్రామోద్యోగములను రద్దుచేసిన సంగతి మీలో పలువు రెరుగుదురు. అప్పుడు దస్త్రములు అప్పగింతలైనవి. కట్టలు లెక్కకు సరిపోవచ్చును. కాని ఏ కట్టలోని చీటి ఏ కట్టలోని తగాదాకు సంబంధించినదో తెలిసిన మనస్సు కట్టలతోపాటు అప్పగింతకు వచ్చునది గాదు గదా! యాపులు మార్చునప్పుడును కష్టమంతయు నీ భాగముననే యున్నది.

ఎవర్‌నోట్‌నుండి వ్రాతలు బయటికి వచ్చు విధానమును చూతము. బయటికి తీయుటను ఎగుమతి యనియు, క్రొత్త యాపులోనికి చేర్చుటను దిగుమతి యనియు అందురు. ఎగుమతి పని చేతిఫోనులో జరుగదు. కంప్యూటరులో నమర్చిన ఎవర్‌నోట్ నుండియే చేయవలెను. అది వ్రాతలను ఎనెక్స్ అను నొక పొట్లముగా కట్టి యిచ్చును. ఈ పొట్లము రహస్యపు మూట గాదు. దాని నెవరైన విప్పి చదువవచ్చును. ఇది శీర్షిక, ఇది వ్రాసిన కాలము, ఇది దిద్దిన కాలము, ఇది ట్యాగు, ఇది విషయము అని ప్రతి భాగమునకు ముందు వెనుక గుర్తులు పెట్టి యుండును. జతచేసిన చిత్రములను సహితము అక్షరములుగా మార్చి యందులోనే ఇముడ్చుదురు. ఈ మార్పులో ప్రతి మూడు పాళ్లు నాలుగు పాళ్లగును. మూడు మానికల బియ్యమునకు నాలుగు మానికల సంచి పట్టినట్లు, ఛాయాచిత్రములు విశేషముగా నున్న పుస్తకపు పొట్లము అసలుకంటె మూడవవంతు పెద్దదగును. ఇది చూచి భయపడనక్కరలేదు. కంప్యూటరులో తగినంత చోటున్నదా యని ముందుగా చూచుకొన్న చాలును.

ఈ పొట్లములో చేరనివి కొన్ని కలవు. వానిని ముందుగనే తెలిసికొనవలయును.

మొదటిది, పుస్తకము పేరు. ఒక్కొక్క వ్రాతకు దాని ట్యాగులు వెంట వచ్చునుగాని, అది యే పుస్తకములో నుండెడిదో పొట్లములో వ్రాసియుండదు. నలువది పుస్తకములలోని వ్రాతల నన్నిటిని ఒక్క మూటగా కట్టినచో, క్రొత్త యింటిలో నవి యన్నియు నొక్క రాశిగా పడును. కాబట్టి ఒక్కొక్క పుస్తకమును వేరువేరుగా ఎగుమతి చేసి, ఆ పొట్లమునకు ఆ పుస్తకపు పేరే పెట్టవలెను. జాప్లిన్ వంటి యాపులు దిగుమతి వేళ పొట్లము పేరునే పుస్తకము పేరుగా గ్రహించును. శ్రమ కొంచె మధికమైనను త్రాడు దక్కును.

రెండవది, లంకెలు. ఒక వ్రాతనుండి మరియొక వ్రాతకు దారి చూపుటకై వేసిన లంకె, పాత యింటిలో ఆ వ్రాతకున్న సంఖ్యను బట్టి పనిచేయును. ఆ సంఖ్య పొట్లములో రాదు. క్రొత్త యాపు శీర్షికలను పోల్చి లంకెలను మరల కలుపుటకు యత్నింపవచ్చును. కాని “డాక్టరు చీటి” అను శీర్షికతోనే పదునైదు వ్రాతలున్నచో అది దేనితో కలుపవలయును? కావున లంకెలున్న వ్రాతలకు ముందుగనే వేరువేరు శీర్షికలు పెట్టుకొనవలయును. “డాక్టరు చీటి” యనుటకంటె “నాయనమ్మ కంటి వైద్యము, 2019 మార్చి” యనుట మేలు. మనుష్యునికి స్పష్టమైన పేరే యంత్రమునకును స్పష్టము.

మూడవది, తాళము వేసిన మాటలు. ఎవర్‌నోట్‌లో వ్రాతలోని కొంత భాగమును గూఢలిపిగా మార్చి పాస్‌వర్డుతో బంధింపవచ్చును. ఆ భాగము బంధించియున్నట్లే ఎగుమతి యగును; క్రొత్త యింటిలో నది తెరచుకొనకపోవచ్చును. ముందుగనే విప్పుకొనవలెను. పాస్‌వర్డు మరచినవారికి అదియు సాధ్యముగాదు.

నాలుగవది, పూర్వరూపములు. ఒక వ్రాతను పలుమార్లు దిద్దినచో దాని పాతరూపములు పాత యింటిలో నుండవచ్చును. పొట్లములో తుదిరూపము మాత్రమే వచ్చును. అప్పు లెక్కలవంటివానికి పాతరూపముతో పనియున్నచో దానిని వేరు వ్రాతగా చేసికొనవలెను.

ఐదవది, తేదీ. తేదీలు పొట్లములో వచ్చుచునే యున్నవి. కాని అందొక చిక్కు కలదు. వానిని మన దేశకాలమును బట్టి గాక ప్రపంచ ప్రమాణకాలమును బట్టి వ్రాయుదురు. మన గడియారము దానికంటె ఐదున్నర గంటలు ముందున్నది. మన ఊరిలో రెండవ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు వ్రాసినది, అందు ఒకటవ తేదీ రాత్రి పదిన్నరగా నుండును. మంచి యాపు దానిని మరల మన కాలమునకు మార్చి చూపును. మార్చని సాధనములు దినమునే మార్చివేయును. ఇంకొక యపాయమును కలదు. ఎనెక్స్ మార్గమున గాక, వ్రాతలను ఒక్కొక్కటిగా కాపీచేసి అతికించినచో, అన్నింటికిని మార్చిన దినమే పుట్టినదినమగును. పన్నెండేండ్ల వ్రాతలన్నియు నొక్క మంగళవారము వ్రాసినట్లు కనబడును. శిశువు పుట్టిన సమయము, కాలువకు నీరు వదలిన దినము, బాకీ ముట్టిన తేదీ, ఇట్టివి యాపు వేసిన ముద్రపై విడువక, వ్రాతలోపల మాటలలోనే వ్రాయించుట శ్రేయస్కరము. మాటలలో వ్రాసిన తేదీ యే యింటికి పోయినను మారదు.

ఇది యిట్లుండ, తెలుగువారమగు మనకు ప్రత్యేకముగ రెండు జాగ్రత్తలు కలవు.

యూనికోడ్ అను ప్రపంచలిపి ప్రమాణము 1991లో మొదటిసారి వెలువడినప్పుడే తెలుగు లిపికి అందులో స్థానము లభించినది. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు ఏ యాపులోనికి పోయినను తెలుగుగనే యుండును. కాని మన అచ్చుకూటములలోను, కంప్యూటరు కేంద్రములలోను చిరకాలము వాడిన అను ఫాంటులవంటివాని పద్ధతి వేరు. అందు కంప్యూటరు దాచుకొనునది ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. వానికి తెలుగు వేషము వేయునది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట వేషము తొలగి, అర్థములేని ఇంగ్లీషు అక్షరములు బయటపడును. మీ యింటి దస్తావేజులుగాని, పెండ్లి శుభలేఖల ప్రతులుగాని, గ్రామచరిత్రగాని ఇట్లు టైపు చేయించినవైనచో, ఇల్లు మార్చుటకు పూర్వమే వానిని యూనికోడ్‌లోనికి మార్పించి, మార్చినదానిని అక్షరమక్షరము సరిచూడవలయును. వత్తులు, సున్నలు తారుమారగుట ఇచ్చటనే.

రెండవ జాగ్రత్త శీర్షికల పొడవును గురించినది. కొన్ని యాపులు ప్రతి వ్రాతను ఒక ప్రత్యేక ఫైలుగా చేసి, శీర్షికనే ఫైలు పేరుగా పెట్టును. లినక్సు కంప్యూటరులలో ఫైలు పేరునకు 255 బైట్లు మించిన చోటీయరు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు లిపిలోని ప్రతి సంకేతమునకు మూడు బైట్లు కావలెను. కాబట్టి మనకు దక్కునవి 85 సంకేతములు మాత్రమే. మన మొక అక్షరమనుకొను “స్త్రీ” యందు సకారము, తకారము, రేఫము, వాని నడుమ రెండు పొల్లులు, ఈకారపు గుడి కలిసి ఆరు సంకేతములున్నవి. అనగా ఒక్క అక్షరమునకే 18 బైట్లు. శీర్షికగా ఒక పెద్ద వాక్యమును వ్రాసికొనువారికి పేరు నడుమ తెగుటయో, ఫైలు నిరాకరింపబడుటయో సంభవింపవచ్చును. శీర్షిక పొట్టిగా నుంచి వివరము లోపల వ్రాయుటయే దీనికి మందు.

ఇక క్రొత్త యింటిని ఎన్నుకొను విషయము. పేరులు వేరైనను పద్ధతులు ముఖ్యముగ రెండు. ఒక పద్ధతిలో వ్రాతలు దూరముననున్న సంస్థవారి కంప్యూటరులలో నుండును. మన ఫోను వానికి కిటికీ మాత్రమే. రెండవదానిలో వ్రాతలు మన కంప్యూటరులోనే యుండును. యాపు వానిని చూపు అద్దము. 2020లో వెలువడిన ఆబ్సిడియన్ అను యాపు రెండవ పద్ధతిది. ప్రతి వ్రాతయు మన సొంత పెట్టెలో నొక సాదా ఫైలుగా నుండును. యాపు మాయమైనను ఫైళ్లు నిలుచును. జాప్లిన్ అనునది రుసుము లేని యాపు. దాని నిర్మాణక్రమము నెవరైనను పరిశీలింపవచ్చును. అది వ్రాతలను మన యంత్రములోనే యొక ఖజానావలె దాచి, కోరినప్పుడు సాదా ఫైళ్లుగా బయటికిచ్చును. ఎనెక్స్ పొట్లములను తెరచుటకు ఈ రెంటియందును ఏర్పాటులు కలవు.

ఈ సాదా ఫైళ్లలో వాడు పద్ధతిని మార్క్‌డౌన్ అందురు. జాన్ గ్రూబర్ అను అమెరికావాడు 2004లో దీనిని ప్రకటించెను. శీర్షికకు ముందొక గుర్తు, ఒత్తిచెప్పవలసిన మాటకు ఇరువైపుల నక్షత్రపు గుర్తులు, ఇట్లు కొలది చిహ్నములతో పని జరుగును. ఏ యాపు లేకున్నను కంటితో చదివి గ్రహింపవచ్చును. అయితే దీనికిని లోపము కలదు. రంగుల యక్షరములు, చిక్కైన పట్టికలు ఇందులో నిముడవు. “ఎఱ్ఱరంగువి తీరని బాకీలు, పచ్చరంగువి తీరినవి” అని రంగులతో లెక్క వ్రాసికొన్నవానికి, ఇల్లు మారినపిమ్మట బాకీలన్నియు నొక్కరంగున కనబడును. రంగుతో చెప్పినదానిని మాటతో చెప్పుటయే యుక్తము. “తీరినది” యను మాట యెచటికైనను ప్రయాణము చేయును.

సొంత యింటికి సొంత కాపలాయు కావలెనని మరువరాదు. సంస్థవారి యింటిలో నున్నప్పుడు ఫోను నీళ్లలో పడినను వ్రాతలు పోవు. మన యంత్రములోనే దాచుకొన్నప్పుడు రెండవ ప్రతి, మూడవ ప్రతి ఉంచుకొను భారము మనదే. ఈ భారము మోయలేనివారు రుసుము చెల్లించి మంచి సంస్థలో నుండుట తప్పుగాదు. కాని ఎచ్చట నున్నను, బయటికి తీయు ద్వారమున్నదా యని ప్రవేశించునాడే విచారించుట బుద్ధిమంతుల లక్షణము. బావిలోనికి దిగువాడు మెట్లను ముందే చూచుకొనును గదా!

ఇప్పుడు పని నడుపవలసిన క్రమమును చెప్పెదను. ఒక కాగితముపై ప్రతి పుస్తకము పేరు, అందలి వ్రాతల సంఖ్య, మొదటిదాని తేదీ, కడపటిదాని తేదీ వ్రాసికొనవలెను. ఇది అప్పగింతల పట్టీ. పిమ్మట పది పదునైదు వ్రాతలు గల చిన్న పుస్తకమును పరీక్షకై యెన్నుకొనవలెను. చిత్రమున్నది యొకటి, పట్టిక యున్నది యొకటి, లంకె యున్నది యొకటి, తెలుగున వ్రాసినది యొకటి, మిక్కిలి పాతది యొకటి అందులో నుండవలెను. ఆ పుస్తకమును మాత్రము మార్చి, ఏవి చెడినవో చూచి, దానికి తగినట్లు మిగిలినవానిని సిద్ధపరుపవలెను. మార్పు జరుగు దినములలో పాత యింటిలో క్రొత్త వ్రాత లేవియు వ్రాయరాదు. రెండిండ్లలో నొకేసారి కాపురమున్నవానికి ఏ వస్తువు ఎక్కడ నున్నదో యెన్నటికిని తెలియదు.

మార్పు ముగిసినంతనే పట్టీతో లెక్క పోల్చవలెను. సంఖ్య సరిపోయినంత మాత్రమున తృప్తిపడరాదు. ఆరువేల వ్రాతలున్నచో నూటికొకటి వంతున అరువదింటిని తెరచి, పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 19వ శతాబ్దమున కడపలో పండితులను, లేఖకులను పెట్టి తాళపత్రములలోని తెలుగు గ్రంథములను కాగితములపైకి ఎక్కించినప్పుడు ఒక్క ప్రతిని నమ్మి యూరకుండలేదు. పలు ప్రతులను తెప్పించి పోల్చి సరిచేయించెను. చేతితో వ్రాయు లేఖకుడు నిద్రమత్తున ఒక పంక్తి విడిచినట్లే, యంత్రమును తనకు తెలియని గుర్తును చప్పుడుచేయక విడిచిపోవును. పోల్చినగాని తెలియదు.

ఎనెక్స్ పొట్లములను చెరుపరాదు. రెండు వేరు చోట్ల, వీలైన రెండు వేరు ఇండ్లలో భద్రపరుపవలెను. అందు బ్యాంకు వివరములు, ఆరోగ్య విషయములు బట్టబయలుగా నుండును గావున, దారిన పోవు వారికి దొరకు చోట నుంచరాదు. పాత యాపులోని ఖాతాను వెంటనే మూయరాదు. ఒక ఉగాదినుండి మరియొక ఉగాదివరకు ఉంచుట మంచిది. ఏలనన, ఇంటి వ్రాతల నన్నిటిని ఒకేనెలలో వెదకము. విత్తుల కాలమున ఒకటి, తిథి వచ్చినప్పుడొకటి, బడిలో చేర్పించునప్పు డొకటి, పంటయప్పు తిరుగవ్రాయునప్పు డొకటి అవసరమగును. ఋతువులన్నియు నొకసారి తిరిగివచ్చినగాని ఏది చేరినదో యేది జారినదో సంపూర్ణముగ తెలియదు. అటుపిమ్మట పాత ఖాతాలోని వ్రాతలను తుడిచి, తలుపు మూయవచ్చును.

పెద్దలారా! ఇదంతయు పిల్లల పని, మాకేల యని మీ కనిపించవచ్చును. యంత్రము త్రిప్పు పని వారిదే. కాని ఆ వ్రాతలలో సగమునకు అర్థము తెలిసినవారు మీరు. “చెరువుక్రింద ముప్పాతిక” అని ఫోనులో నున్నది. ఏ చెరువు, ఎవరి నుండి వచ్చిన ముప్పాతిక యెకరము, గట్టు తగాదా ఎట్లు పరిష్కారమైనది, ఇవి యే పొట్లములోను రావు. పాత ఛాయాచిత్రములో వరుసగా నిలిచిన యేడుగురిలో నలుగురి పేరులు మీకే తెలియును. ఇల్లు మార్చుట యొక పర్వమువంటిది. అన్ని పెట్టెలును ఒకసారి తెరువబడును. ఆ సమయమున మీరు వారి ప్రక్కన కూర్చుండి చెప్పుచుండగా వారు వ్రాసికొన్నచో, తెగిన త్రాడు తిరిగి కట్టబడుటయే గాక, ఎన్నడును కట్టని త్రాడు క్రొత్తగా కట్టబడును. క్రొత్త యింటిలో మొదటి వ్రాతగా ఒక సూచిక యుండవలెను: ఏ పుస్తకములో నేమున్నది, ఏ పేరు ఎవరిది, అసలు కాగితము ఏ పెట్టెలో నున్నది. దానిని చెప్పవలసినవారు మీరు.

ఆ పని ముగిసిననాడు మీ పిల్లలను నాలుగు ప్రశ్నలడుగుడు. లెక్క సరిపోయినదా? తేదీలు పాతవియే నిలిచినవా? ఈ యింటినుండి మరల బయటపడు దారి యేది? నీవు ఊర లేనప్పుడు, లేక నాకేదైన జరిగినప్పుడు, దీనిని తెరువగలవా రింటిలో మరియొకరున్నారా? ఈ నాలిగింటికిని తడబడని సమాధానము వచ్చినచో మీ యింటి వ్రాతలు క్షేమముగ చేరినట్లే. ఏ యొక్కదానికి సమాధానము రాకున్నను, పాత యింటి తాళపుచెవిని ఇంక కొంతకాలము మీ యొద్దనే యుంచుకొనుడు.